ఎదురు నడిచిన చీమ

పిల్లలూ, ఒక గుడ్డ మీద వెయ్యి చిలకల అచ్చులుంటే, వాటిలో ప్రాణమున్న చిలకను ఎలా కనిపెడతారు? తొందరొద్దు. కథ విని చెప్పండి.

అనగా అనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి కత్తులంటే పిచ్చి, రెండోవాడికి గుర్రాలంటే పిచ్చి. మూడోవాడు వర్ణధరుడికి ఉలీ, టేకు చెక్కా ఉంటే అన్నం కూడా అక్కర్లేదు. చెక్క మీద బొమ్మ చెక్కేవాడు, రంగు పట్టించేవాడు, గుడ్డ మీద అద్దేవాడు.

ఒకసారి తలపాగా అంచంతా చీమల బారు అద్దుకున్నాడు. అన్నీ ఎడమకు పోతుంటే ఒక్కటి కుడికి పోతోంది.

"అదేమిట్రా, దారి తప్పిందా?" అన్నాడు పెద్దన్న.

"తప్పలేదన్నయ్యా. అది నేను."

అన్నలు పడీపడీ నవ్వారు. కానీ ఆ ఒక్క చీమకోసం వాడెంత అవస్థ పడ్డాడో తెలుసా? ముందు పాత అచ్చునే తిప్పి అద్దాడు. చీమ కుడికి తిరిగింది గానీ కాళ్ళు పైకి లేచాయి! ఎటు తిప్పినా కుదర్లేదు. చివరికి వేరే అచ్చు చెక్కాడు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అడుగుతాను.

ఏడు సముద్రాల అవతల కరాళుడనే మాంత్రికుడు మందారవల్లి అనే రాజకుమారిని చెరపట్టాడు. "నా ప్రాణం చిలకలో ఉంది, ఆ చిలక గుడ్డ మీది చిలక అచ్చుల మధ్య దాగుంది. దాన్ని ముట్టుకుంటే నేను చస్తాను. తప్పు చిలకను ముట్టుకుంటే మీరు గుడ్డ మీద బొమ్మలవుతారు!" అని చాటించాడు. పెద్దన్న వెళ్ళాడు, రాలేదు. రెండో అన్న వెళ్ళాడు, రాలేదు. మూడోవాడు ఉలి మొలలో దోపుకుని, చెక్కా రంగూ మూటకట్టుకుని బయల్దేరాడు.

ఒడ్డున ఒక తాబేలు. "తాతా, సముద్రం దాటిస్తావా?"

"నెమలికి బొమ్మ వేస్తారు, ఏనుగుకు వేస్తారు. నాకెవరు వేశారురా?"

వర్ణధరుడు అక్కడికక్కడే తాబేలు అచ్చు చెక్కి ఉత్తరీయం మీద అద్దాడు.

"అబ్బో, నేనింత అందగాణ్ణా! ఎక్కు, ఎక్కు!"

ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు!

కోటలో గోడంత గుడ్డ. దాని నిండా చిలకలు, నిలువుగా, ఏటవాలుగా, తలకిందులుగా. మూలన బొమ్మలై బిక్కమొహాలతో అన్నలిద్దరూ!

చెరలోంచి మందారవల్లి అరిచింది: "ఈ మాంత్రికుడు ప్రాణమున్న చిలకనే చూస్తూ, ఉన్నదున్నట్టుగా అచ్చు చెక్కాడు!"

వర్ణధరుడికి తన చీమ గుర్తొచ్చింది. ఉన్నదున్నట్టు చెక్కితే గుడ్డ మీద ఏమవుతుంది? కుడి ఎడమవుతుంది! మరి ఆ అచ్చును ఎటు తిప్పి అద్దినా అసలు చిలకలా పడుతుందా? చీమ పడిందా? పడలేదుగా!

నిలువు చిలకల్ని చూశాడు, మెడ వంచి ఏటవాలు చిలకల్ని చూశాడు, అన్నీ ఎడమకే. ఇక తలకిందులుగా నిలబడ్డాడు.

"పిచ్చెక్కిందా?" అని కరాళుడు విరగబడి నవ్వాడు.

తలకిందులుగా ఉన్న చిలకలన్నీ ఇప్పుడు నిటారుగా కనిపించాయి. అన్నీ ఎడమకే చూస్తున్నాయి. ఒక్కటి, ఒకే ఒక్కటి, కుడికి చూస్తోంది!

"నువ్వూ నాలాగే ఎదురు చీమవే!" అంటూ దాన్ని ముట్టుకున్నాడు. చిలక రివ్వున ఎగిరిపోయింది. కరాళుడు గుప్పెడు రంగుపొడిగా రాలిపోయాడు. అన్నలు దబ్బుమని గుడ్డలోంచి కిందపడ్డారు. పెద్దన్న లేస్తూనే ఏం చేశాడో తెలుసా? తమ్ముడి తలపాగా మీది చీమను కళ్ళకద్దుకున్నాడు.

వర్ణధరుడికీ మందారవల్లికీ పెళ్ళి ఆకాశమంత పందిట్లో జరిగింది. పెళ్ళిచీర అంచున ఎదురు చీమలు రెండు! రెండోది మందారవల్లి తనే చెక్కుకుంది. వాళ్ళు ఏలినంతకాలం ఆ రాజ్యంలో ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ సొంత అచ్చు చెక్కుకునేవారట.

ఇక లేవండి. మేడ మీద వడియాలు సగమే పెట్టి వచ్చాను. మిగతావి పెట్టేసి వస్తాను, ఎదురు చీమలూ, బారు చీమలూ అన్నీ కలిసి పిండి గిన్నెలో దిగకముందే.