గోలెంలో సంగటి, గట్టు మీద గురువు

బండలాగుడు పందేనికి పెంచే ఎద్దుకు జరిగే మర్యాద కొత్తల్లుడికి కూడా జరగదు. రాఘవులు గొడ్ల చావడిలో కోడి కూయకముందే రెండు గోలేలు నిండేవి. బెల్లం కలిపిన రాగి సంగటి, పైన ఉడకబెట్టిన ఉలవలు. ఒక గోలెం సోమన్నది. పదేళ్ళుగా బండలు లాగి మెడ మీద కాయ కాసిన పెద్దెద్దు. రెండోది ముత్యాలుది. నిన్నమొన్నటి కోడెగిత్త, ఇంకా పందెం మొహం చూడలేదు. వచ్చే తిరనాళ్ళకి సోమన్న పక్కన కాడి కట్టేది తననే. ఆ మాట తలుచుకుంటే చాలు, ముత్యాలు తోక దానంతటదే లేచేది.

అదే చావడిలో చెంగయ్య అనే మేకపోతు ఉండేవాడు. చెంగయ్యకి గడ్డం ఉంది. గడ్డం ఉన్నాక జ్ఞానం లేదంటే లోకం ఊరుకోదు కాబట్టి కోళ్ళన్నీ ఆయన్ని గురువుగారూ అనేవి.

ఒకనాడు గురువుగారు ముత్యాలు పొట్ట వంక చూసి నిట్టూర్చాడు.

"అబ్బాయ్, నీళ్ళ తొట్లో ఎప్పుడన్నా నిన్ను నువ్వు చూసుకున్నావా?"

"రోజూ చూసుకుంటా గురువుగారూ."

"ముందు మొహం కనపడుతోందా, పొట్ట కనపడుతోందా?"

ముత్యాలు వెంటనే పొట్ట లోపలికి పీల్చుకున్నాడు.

"పిండి తిన్నోడి ఒంట్లో పిండే పేరుకుంటుంది నాయనా. బండ బరువొకటి, నీ బరువొకటి. రెండూ ఎట్టా లాగుతావ్? లేడిని చూడు, గాలిలా పోతుంది. అదెప్పుడన్నా సంగటి తిందా?"

"లేడి బండ లాగుద్దా గురువుగారూ?"

"ఎదురు ప్రశ్నలేస్తే ఒళ్ళు తగ్గదు. ఖాళీ కడుపుతో కాడి కిందికి దూరు, నీ బలం నీకే తెలుస్తుంది."

"మరి గోలెం అట్టాగే ఉంటే రాఘవులు తంతాడు కదా?"

చెంగయ్య కళ్ళు మూసుకున్నాడు. "లోకం కోసం విషం మింగినవాళ్ళు లేరూ? నీ విషం నేను మింగుతాలే."

మింగాడు. పన్నెండు రోజులు వరసబెట్టి మింగాడు. మింగినకొద్దీ ఆయన వీపు నిగనిగలాడుతుంటే, "తపస్సంటే అదీ!" అని కోళ్ళు ముక్కున వేలేసుకున్నాయి. కోడి వేలు ముక్కు దాకా అందదు గానీ, భక్తికి అందనిదేముంది?

పదమూడో రోజు రాఘవులు ఎడ్లను బీడు పొలంలోకి తోలి బండ కట్టాడు. మొదటి ఊపు బాగానే సాగింది. మలుపు దగ్గరికొచ్చేసరికి ముత్యాలుకి కళ్ళు బైర్లు కమ్మాయి. మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"రోజూ గోలెం అద్దంలా నాకేస్తున్నావ్, లాగమంటే పడతావా?" రాఘవులు చర్నాకోల నేలకేసి కొట్టాడు. "తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు! శుక్రవారం ఇంకోసారి చూస్తా. అప్పుడూ పడ్డావో, ఏటికి తోలి ఇసుక బండికి కట్టేస్తా."

చావడికి రాగానే గురువుగారు తల పంకించాడు. "పడ్డావంటే ఇంకా ఎక్కడో పిండి మిగిలుంది. కుడితి కూడా మానెయ్."

అది విని సోమన్న నెమరు ఆపాడు. చెంగయ్య అటు పోగానే అడిగాడు.

"ఒరే అబ్బాయ్, నీ గోలెం నాకుతున్నదెవరు?"

"గురువుగారే బాబాయ్. ఆయనకైతే విషం కూడా అరుగుద్దట."

"ఊరక రారు మహానుభావులు అన్నారు, ఇందుకే! పొయ్యిలో పుల్ల పెట్టకుండా ఎంత ఊదినా వచ్చేది మంట కాదురా, కళ్ళల్లో బూడిద. రేపటి నుంచి తెల్లారగట్ల నా గోలెంలో సగం తిను."

"తిని పడ్డాననుకో, ఇసుక బండే కదా!"

"తినక పడితే పూలపల్లకీ ఎక్కిస్తాడా?"

మర్నాడు తెల్లారగట్ల ముత్యాలు సోమన్న గోలెంలో మూతి పెట్టాడు. తిన్నాడు. మొదటి ముద్ద మింగేటప్పుడు పాపం చేస్తున్నట్టే ఉంది. రెండో ముద్దకి ఆ పాపం కాస్త తియ్యగా తగిలింది.

శుక్రవారం చీకటితోనే ఇద్దరూ సోమన్న గోలెంలోనే తినేశారు. తర్వాత సోమన్న వెళ్ళి ముత్యాలు గోలేనికి అడ్డంగా పడుకున్నాడు. చెంగయ్య ఈ పక్క నుంచి వచ్చాడు, ఆ పక్క నుంచి వచ్చాడు. కొండ కదల్లేదు.

"గురువుగారూ, ఇవాళ తమరు మా పక్కనే గట్టు మీద పరుగెత్తాలి. ఒంటికి పిండి తగలకపోతే పరుగెట్టా ఉంటుందో కోళ్ళన్నీ కళ్ళారా చూడాలంటున్నాయి," అన్నాడు సోమన్న, పడుకునే.

"పరుగా! అదెంత నాకు!"

పొద్దు బారెడెక్కాక రాఘవులు వచ్చి పలుపులు విప్పాడు. సోమన్న తీరిగ్గా లేచాడు. వెనక గోలెం అంచుల దాకా నిండి ఉంది. చావడిలో ఎవరూ లేరు. గట్టు మీద కోళ్ళు "గురువుగారూ!" అని పిలుస్తున్నాయి. ఆత్రగాడికి బుద్ధి మట్టంటారు. చెంగయ్య ఒక ఎద్దు తినే ముద్దలన్నిటినీ ఒక మేక నోటితో, నమలకుండా లోపలికి తోసి గట్టెక్కాడు.

బండ కదిలింది. ముత్యాలు గుండె అంతా మలుపు మీదే ఉంది. అక్కడే కదా పడింది. మలుపు వచ్చింది. కళ్ళు బైర్లు కమ్ముతాయని చూశాడు, కమ్మలేదు. లోపలెక్కడో నిప్పు రాజుకున్నట్టు తొడల్లోకి వెచ్చగా సత్తువ దిగింది. గిట్టలు నేలలో దిగ్గొట్టి లాగాడు. బండ సర్రున తిరిగింది.

గట్టు మీద గురువుగారు నాలుగు గెంతులు గెంతాడు. అయిదోదానికి పొట్ట డప్పులా బిగిసింది. ఆరోదానికి ఒక తేన్పు వచ్చింది, గట్టంతా బెల్లం వాసన. ఆ తర్వాత నాలుగు కాళ్ళూ ఆకాశానికి చూపిస్తూ కాలవలోకి దొర్లాడు.

"ఇది ఏ ఆసనం గురువుగారూ?" కోళ్ళు వంగి అడిగాయి.

"అబ్బా... పొట్ట..."

బండ గీత దాటింది. రాఘవులు ముత్యాలు గంగడోలు నిమిరి, "తిరనాళ్ళకి నువ్వేరా!" అన్నాడు.

"బాబాయ్," ముత్యాలు రొప్పుతూ అడిగాడు, "అదే సంగటి. నన్ను నిలబెట్టింది, ఆయన్నెందుకు పడేసింది?"

"తెల్లారగట్ల తిన్నది పొద్దెక్కేసరికి సత్తువైంది. పరుగుకి ముందు మెక్కింది కడుపులోనే బండలా కూర్చుంది."

"అయితే ఆయనా బండ లాగినట్టే!"

రాఘవులు చెంగయ్యని మోసుకొచ్చి, వెదురు గొట్టంతో వాము నూనె తాగించి, గుంజకి కట్టేశాడు. "మూడు రోజులు దీనికి గడ్డిపోచ వెయ్యకండి!" అని ఇంట్లోవాళ్ళకి చెప్పాడు.

గురువుగారు ఉపవాస దీక్ష పట్టారనుకుని కోళ్ళు బారులు తీరి దర్శనానికి వచ్చాయి. మూడో రోజు చెంగయ్య సిగ్గు విడిచి, "తల్లుల్లారా, ఒక్క ముద్ద ముక్కున కరుచుకొచ్చి పెట్టండే!" అని బతిమాలాడు.

కోళ్ళు ఒకదాని మొహం ఒకటి చూసుకున్నాయి. పెద్ద పెట్ట కళ్ళు తుడుచుకుంది.

"మా భక్తిని పరీక్షిస్తున్నారే! చచ్చినా పెట్టం గురువుగారూ!"

నీతి: తిండి మానమనేవాడి మాట వినేముందు, నువ్వు మానింది ఎవరి కడుపులోకి పోతోందో చూసుకో.