దండనాయకుడి బంతి

పాత కోటలోని ఏనుగుల శాలలో సుంకమ్మ పూటకూళ్ళ ఇల్లు నడిపేది. ఏ కాలంలో దొరికేది ఆ కాలంలో వండి, అందరినీ ఒకే బంతిలో కూర్చోబెట్టేది. బంతి నిండితేనే వడ్డన.

ఒక మధ్యాహ్నం దండనాయకుడు భైరవరాయుడు వచ్చి, "నా బంతిలో నాకు సాటివాళ్ళే కూర్చోవాలి. కాదంటే శాల ఖాళీ చేయిస్తా!" అని గర్జించాడు.

"అలాగే దొరా," అని సుంకమ్మ అవతలి గోడవార పది విస్తళ్ళు పరిచి, ఆయన్ని కూర్చోబెట్టింది.

ఇవతల కుమ్మరులూ గొల్లలూ చింతచిగురు పప్పు కలుపుకుంటుంటే ఆయన కడుపు నకనకలాడింది.

"నాకు వడ్డించవేం?"

"తమ బంతి నిండాలి కదా దొరా! తమ సాటివాళ్ళు ఇంకా తొమ్మిదిమంది రావాలి. ఈ రాజ్యంలో అంతమంది ఉన్నారంటారా?"

ఉన్నారంటే పరువు పోతుంది, లేరంటే పస్తు తప్పదు. భైరవరాయుడు విస్తరి పట్టుకుని లేచి, ఒక కుమ్మరి పక్కకి వచ్చాడు.

"కాస్త జరుగు తమ్ముడూ!"