వెనక నడిచిన పైడమ్మ

పొద్దు ఇంకా ఎక్కలేదు. మబ్బు పట్టి ఉంది. ఆకు కదలడం లేదు.

ఇలాంటి పొద్దుటే జరిగిందంటారు ఇది. ఎప్పుడని అడిగితే చెప్పేవాళ్ళు లేరు. మన తాతలకి వాళ్ళ తాతలు చెప్పారు, వాళ్ళకి ఎవరు చెప్పారో. అప్పటికి ఆ పట్నంలో పార్కు అనే మాటే కొత్త.

ఆ పట్నానికి ఒక పక్క సముద్రం, ఒక పక్క కొండ, నడుమ కిక్కిరిసిన ఇళ్ళు. ఇళ్ళు ఆగిపోయి కొండ మొదలయ్యే చోట పార్కు. పార్కు మధ్యలోంచి కొండవాగు పారేది, దాన్ని గెడ్డ అనేవాళ్ళు. ఎండల్లో చీలమండ కూడా తడవదు. కొండ మీద వాన పడిందా, గేదెల్నే దొర్లించుకుపోతుంది.

ఆ వీధుల వాళ్ళంతా కూచుని ఒక మాట అనుకున్నారు. పట్నంలో పుట్టిన పిల్లలకి చెట్టూ పిట్టా తెలియకుండా పోతున్నాయి, తెలియనిదాన్ని రేపు ఎవరు కాస్తారు అని. ఆదివారం ఆదివారం పిల్లల్ని పార్కులో నడిపించాలని కట్టుబాటు చేసుకున్నారు. జోగారావు మేష్టారు ముందు నడుస్తాడు. చెట్టు చూపిస్తాడు, పుట్ట చూపిస్తాడు, గూడు చూపిస్తాడు. పిల్లలకి మూడు మాటలు నేర్పాడు. కొమ్మ విరవకూడదు. గూడు ముట్టకూడదు. గూటి దగ్గర నోరు మెదపకూడదు.

తల్లులకి వంతులు. ఒకరు నీళ్ళు తేవాలి. ఒకరు మరమరాలు తేవాలి. ఒకరు వరసకి వెనక నడవాలి. వెనక నడవడం ఎవరికీ ఇష్టం లేదు. మేష్టారి మాట వినపడదు, దుమ్మంతా మొహాన పడుతుంది. ఆ పని పార్కు తుడిచే పైడమ్మ తీసుకుంది. ఆమెకి ఒక కాలు కుంటి. పిట్టల పేర్లు ఒక్కటీ రావు. అన్నింటినీ పిట్టమ్మ అనేది.

ఆమె కుంటినడక చూసి, మామ్మ వచ్చేసరికి మొగ్గ పువ్వయి, పువ్వు కాయయి, ఆ కాయ మేం తినేస్తాం అని పిల్లలు ఆటపట్టించేవాళ్ళు.

"తినండర్రా. టెంక నాకొగ్గీండి" అనేది పైడమ్మ.

చెప్పు తెగిన పిల్ల, అలిగిన పిల్ల, చీమలబారు దగ్గర కూచుండిపోయిన పిల్ల, అందరూ వెనకబడి వెనకబడి ఆమెకే దొరికేవాళ్ళు. గేటు దాకా వచ్చి ఆమె, "నా ఎనక ఎవులూ నేరు" అనేది. అందరూ వచ్చేసినట్టేనని అప్పుడు గేటు మూసేవాళ్ళు.

ఆ ఆదివారం పైడమ్మ కాలు వాచింది. గేటు దగ్గరే కూలబడింది. వెనక నడవడానికి ఇంకెవరూ ముందుకి రాలేదు. ఒక్క రోజుకేంలే అనుకున్నారు.

నడక సగంలో ఉండగా కొండ మీద ఉరిమింది. పిల్లలు పరుగున గేటుకి వచ్చారు. తల్లులు ఎవరి పిల్లని వాళ్ళు పట్టుకున్నారు. వరాలమ్మది ఆ రోజు నీళ్ళ వంతు. అందరి చేతుల్లో పిల్లల చేతులున్నాయి. ఆమె చేతిలో బిందె ఉంది. కూతురు రత్నం లేదు.

వాన దిగింది.

కానుగ చెట్ల వైపు వెళ్ళి, రత్నం, రత్నం అని పిలిచారు. పలకలేదు. నేరేడు చెట్ల వైపు వెళ్ళి పిలిచారు. పలకలేదు. గెడ్డ వైపు వెళ్ళి పిలిచారు. అవతలి గట్టు మీంచి తీతువు పిట్ట లేచి, వాళ్ళ తలల మీద తిరుగుతూ కూసింది.

తీతువు కూస్తే చావు కబురని ఆ పట్నంలో పసివాళ్ళకీ తెలుసు. వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టే ఆగిపోయారు. ఒకామె వరాలమ్మ భుజం పట్టి, ఇంక అటెళ్ళకు తల్లీ అని వెనక్కి లాగింది.

అంతలో పైడమ్మ చీపురుకర్ర ఊతగా కుంటుకుంటూ వచ్చింది. రత్నం చెప్పిన మాట వినే పిల్లే కదా అని మేష్టార్ని అడిగింది. అవునన్నాడాయన.

"మరి గూటికాడ ఉంటే, మీరు పిలిస్తే మాత్రం పలుకుతాదా బాబూ?"

పైడమ్మ వరాలమ్మ వైపు తిరిగింది.

"ఆ పిట్టమ్మ నీ పిల్ల కోసం ఏడవట్నేదమ్మా. దాని గుడ్ల కోసం ఏడుస్తంది. ఎవులో దగ్గిరగా ఉన్నారు."

పిలవకుండా వెళ్ళింది. ఆ ఒక్కసారి పైడమ్మ ముందు, వరాలమ్మ వెనక. గెడ్డ మోకాలి లోతుంది. దాటారు.

అవతల గులకరాళ్ళలో, రాళ్ళలాగే ఉన్న గుడ్లు. పక్కన పొద వెనక రత్నం. నిలువునా తడిసి, రెండు చేతులూ నోటి మీద అదిమిపెట్టుకుని ఉంది. తల్లిని చూసి, మాట్లాడొద్దని తల ఊపింది.

పైడమ్మ ఒంగి ఆ పిల్ల చెవిలో చెప్పింది. "మనం లెగిస్తే అది గుడ్ల మీద కూకుంటాది."

రత్నం లేచింది.

తిరిగి వచ్చేటప్పుడు నీళ్ళు నడుముకి వచ్చాయి. పిల్లని చంకనేసుకుని వరాలమ్మ దిగింది. వెనక నుంచి వీపు మీద పైడమ్మ చెయ్యి. ఆ చెయ్యి ఒక్కో అడుగే ముందుకి తోసింది. ఇవతలి గట్టున మేష్టారూ మిగతావాళ్ళూ అందుకుని పైకి లాగారు. ఏడుపులు, ముద్దులు. గుంపుగా గేటుకి పరుగెత్తారు. పిల్లల్ని లెక్కపెట్టారు. ఒక్కరూ తగ్గలేదు. గేటు మూశారు.

ఇంటికొచ్చి వరాలమ్మ పిల్ల తల తుడుస్తోంది.

"అమ్మా, మామ్మేది?" అంది రత్నం.

వరాలమ్మ చేతిలో తువ్వాలు ఆగిపోయింది. వీపు మీది చెయ్యి ఎప్పుడు తీసేసిందో ఆమెకి గుర్తు రాలేదు.

గేటు తోసుకుని గెడ్డ దాకా పరుగెత్తింది. వాన సన్నబడింది, గెడ్డ హోరుమంటోంది. అవతలి గట్టున పైడమ్మ కూచుని ఉంది. నీళ్ళలో కాలు నిలవక వెనక్కి మళ్ళినట్టుంది. గూటికి దూరంగా జరిగి, పిట్ట బెదరకుండా అటు వీపు పెట్టి కూచుంది. వరాలమ్మ కేకెయ్యబోయింది. పైడమ్మ పెదవి మీద వేలు పెట్టింది.

సాయంత్రానికి గెడ్డలో నీళ్ళు తగ్గాయి. పైడమ్మని మోసుకొచ్చారు. ఆ రాత్రే జ్వరం తగిలింది, మళ్ళీ వదల్లేదు. వరాలమ్మ గంజి తాగిస్తూ మంచం పక్కనుంచి కదల్లేదు.

"నిన్ను మర్చిపోయేనప్పా" అంది ఒకనాడు.

"పిల్ల అడిగింది కదా" అంది పైడమ్మ. "మరేటి కావాలి."

వానలు వెళ్ళకుండానే ఆమె వెళ్ళిపోయింది. అప్పటికి తీతువు పిల్లలు గట్టు మీద పరుగులు పెడుతున్నాయి.

ఇప్పటికీ ఆ పార్కులో పిల్ల కనపడకపోతే కేకలు పెట్టరు. నెమ్మదిగా నడిచి వెతుకుతారు. తీతువు కూస్తే చెవులు మూసుకోరు, పిట్టమ్మ పిలుస్తోంది, ఎవరున్నారో చూడండి అంటారు. వరసకి వెనక ఎవరు నడిచినా ఆ పూటకి వాళ్ళ పేరు పైడమ్మే. గేటు దగ్గర లెక్క ముందు నుంచి పెట్టరు. వెనక నుంచి పెడతారు.

మొదట అలా పెట్టింది వరాలమ్మ. పైడమ్మ పోయిన తరవాతి ఆదివారం వెనక నడవడానికి ఆమే వచ్చింది. దుమ్ము మొహాన పడుతుంటే చివరిదాకా నడిచింది. గేటు దగ్గర ఆగింది. గెడ్డ వైపు చాలాసేపు చూసింది. అప్పుడు ఇటు తిరిగి, వెనక నుంచి ఒక్కొక్క పిల్ల తలా తాకుతూ, మెల్లగా చెప్పింది.

"పైడమ్మ వచ్చింది. రత్నం వచ్చింది. అప్పలకొండ వచ్చాడు. బోడెమ్మ కూతుళ్ళిద్దరూ వచ్చారు. అలిగిన సూరీడు వచ్చాడు. మేష్టారు వచ్చారు. అందరూ వచ్చారు."