బావురుపిల్లి అలిగిన రోజు

మామిడితోట చివరున్న ఆ దొడ్డిలో కాపలాకేం లోటు లేదు. చుట్టూ ముళ్ళకంచె, గేటు దగ్గర సింగడనే కుక్క. కానీ గేటు దాటి లోపలికొచ్చినవాడిని ఇంకెవరూ ఏమీ అడగరు. అడిగితే బాగోదట. ఆ బాగోకపోవడమే వాళ్ళ కొంప ముంచింది.

ఒకరోజు పొద్దున్నే బావురయ్య అనే బావురుపిల్లి దర్జాగా గేటు ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఎవరు నువ్వు?" అన్నాడు సింగడు.

బావురయ్య మొహం మాడ్చుకున్నాడు. "నన్నా అడుగుతున్నావు? మీ నల్లపిల్లి కాటుకమ్మకి పెదనాన్న కొడుకుని. చుట్టాలంటే మీకింత లోకువని తెలియక వచ్చాను. పోనీలే, వెళ్తా."

"అయ్యో, అంత మాటెందుకండీ. ఒక్కసారి కాటుకమ్మని పిలుస్తాను."

"అంటే నా మాట మీద నమ్మకం లేకనేగా? పడుకున్న పిల్లని లేపి మరీ నా పరువు తీస్తావా?"

సింగడు సిగ్గుతో చచ్చిపోయాడు. "ఛ ఛ, రండి రండి," అంటూ తానే గేటు నెట్టాడు.

లోపల కోటయ్య ఎదురయ్యాడు. కోటయ్య దొడ్డంతా తిరిగే పుంజు. ఏ కోడి ఎక్కడ గుడ్లు పెట్టిందో అతనికి తెలుసు. తెలిసింది ఎవరికో ఒకరికి చెప్పకపోతే అతనికి మేత అరగదు. సింగడు లోపలికి పంపాడంటే మనవాడేగా అనుకున్నాడు.

"అదిగో, ఆ విరిగిన చక్రం వెనక తెల్లకోడివి. ఇటు గడ్డివాము కింద మా గిన్నెకోడి చుక్కమ్మవి, పద్నాలుగు గుడ్లు," అని ముక్కుతో చూపించి మరీ చెప్పాడు.

మేతకెళ్ళిన చుక్కమ్మ తిరిగొచ్చేసరికి పెంకులే మిగిలాయి. గిన్నెకోడి గొంతు విన్నవాళ్ళకి ఆ ఏడుపు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. మామూలుగా అది నోరెత్తితే చెవులు మూసుకునే దొడ్డి, ఆ రోజు తలవంచుకుని విన్నది.

"ఎవరని అడగలేకపోయావా?" అంది చుక్కమ్మ సింగడితో.

"అడిగానమ్మా. అలిగాడు."

"మరి నువ్వు?" అంది కోటయ్యతో.

"గేటు దాటి వచ్చినవాణ్ణి ఏమని అడగను?"

కాటుకమ్మ ఒళ్ళు విరుచుకుంటూ వచ్చి, "నన్ను లేపితే పోయేదేముంది?" అంది.

నెల తిరక్కుండా చుక్కమ్మ మళ్ళీ గుడ్లు పెట్టింది. పదే. ఆ ఏడాదికి అవే ఆఖరు. ఈసారి గూడెక్కడో ఒక్కరికీ చెప్పలేదు.

"కనీసం నాకైనా చెప్పవా?" అన్నాడు కోటయ్య.

"నీకెందుకు? వచ్చి పొదుగుతావా?"

పైగా రూలొకటి పెట్టింది. గేటు దగ్గరే కాదు, అందరూ మేతకొచ్చే గడ్డి కొట్టం గుమ్మం దగ్గరా అడగాలి. ఇందాక అడిగినవాణ్ణయినా మళ్ళీ అడగాలి. ఎవరు, ఏం పని మీద, ఎవరి దగ్గరికి? ఆ గుమ్మానికి కోటయ్యనే కాపలా పెట్టింది. తన దొడ్డిలో గేటు దగ్గర సింగడు తననే అడుగుతాడా అని అతను రెండ్రోజులు కూత మానేశాడు. అందరికంటే పెద్దవాడైన ఎద్దు పుల్లయ్య మాత్రం నవ్వాడు. "అడగండర్రా. చెప్తే నా కొమ్ములేమైనా అరుగుతాయా?"

ఒక మధ్యాహ్నం పుల్లయ్య గడ్డిబండి లాక్కొచ్చాడు. సింగడు పుల్లయ్యని అడిగాడు గానీ గడ్డిని అడగాలని తోచలేదు. గడ్డిలో బావురయ్య ఉన్నాడు. లోపలికొచ్చాక దిగి, ఒళ్ళు దులుపుకుని, కొట్టం గుమ్మం దగ్గరికి నడిచాడు.

"ఎవరు, ఏం పని మీద?" అన్నాడు కోటయ్య.

"అదేంటి బావా, నేను తెలీదూ? గేటు దాటే వచ్చానుగా."

"గేటు సంగతి గేటుది. ఇది నా గుమ్మం."

"చుక్కమ్మకి జరిగింది విని పలకరిద్దామని వచ్చాను. గూడెటువైపు?"

"నాకే చెప్పలేదు నాయనా," అన్నాడు కోటయ్య దిగులుగా, కాటుకమ్మకి వినబడేలా ఓ కూత పెట్టి.

బావురయ్య వెంటనే అలిగాడు. "ఇంత అవమానమా? సరే, వెళ్ళిపోతున్నా." నాలుగడుగులు వేసి ఆగాడు. ఎవరూ బతిమాలలేదు. ఇంకో రెండడుగులు వేసి వెనక్కి చూశాడు.

అప్పుడే పుల్లయ్య బండి విప్పించుకుని కొట్టానికొచ్చాడు. "కాస్త జరుగు బాబూ, నేనూ చెప్పుకోవాలి. నేను పుల్లయ్యనయ్యా, మేతకొచ్చాను," అని గుమ్మం ముందు బుద్ధిగా నిలబడ్డాడు. అంత ఎద్దే నిలబడితే ఇక బావురయ్య అలకకి విలువేముంటుంది?

ఈలోగా కోటయ్య కూతకి కాటుకమ్మ లేచొచ్చింది. "నీ పెదనాన్న కొడుకట," అన్నాడు కోటయ్య.

ఆమె ఎగాదిగా చూసింది. "మా నాన్నెవరో మా అమ్మకే సరిగ్గా గుర్తులేదు. పెదనాన్న ఎక్కణ్ణించి ఊడిపడ్డాడు?"

పుల్లయ్య కొమ్ము వంచాడు. బావురయ్య ఎగిరి నేరుగా కుడితి గోలెంలో పడ్డాడు. అందులోంచి లేచి, తవుడు కారుతూ కంచె సందులోంచి పారిపోయాడు. పోతూ పోతూ తోక బొచ్చు సగం ముళ్ళకే వదిలేశాడు.

పది గుడ్లూ పిల్లలయ్యాయి. పిల్లల్ని వెంటేసుకుని తిప్పి తెచ్చిన చుక్కమ్మని గుమ్మం దగ్గర కోటయ్య ఆపాడు. "ఎవరు, ఏం పని మీద?"

"నేనేరా, రూలు పెట్టినదాన్ని."

"మరీ మంచిది. అయితే చెప్పడం నీకు బాగా వచ్చుండాలే."

చుక్కమ్మ కళ్ళెర్రజేసింది. తర్వాత పిల్లల వంక చూసుకుని, బుద్ధిగా చెప్పింది. "చుక్కమ్మని. పదిమంది పిల్లలతో. నా గూటికి."

నీతి: అడిగితే మనవాడు చెప్తాడు, అడిగినందుకు అలిగేవాణ్ణి ఇంకోసారి అడగాలి.