కట్ చెప్పేదాకా

సినిమావాళ్లు జీడితోటలో నాలుగు రోజులు షూటింగ్ చేసుకుని వెళ్లిపోయారు. వెళ్తూ విరిగిన చెక్క ఫ్రేమొకటి వదిలేశారు. ఆ నాలుగు రోజులూ పొదలో కూర్చుని చూసిన నక్క పాపయ్య, అయిదో రోజుకల్లా డైరెక్టరైపోయాడు. ఆ పనికి అంతకంటే పెద్ద చదువు కావాలని అతనికెవరూ చెప్పలేదు.

ఆ ఉదయం చెదపురుగుల కోసం కంచె దాటిన కోడిపెట్ట గవరమ్మకి పాపయ్య ఎదురయ్యాడు. ఆమె రెక్కలు కొట్టుకుంటూ జీడికొమ్మ ఎక్కేసింది. కంచె అవతల గంప కింద ఆమె ఆరు పిల్లలూ అమ్మ కోసం కీచుమంటున్నాయి. కాపలా కుక్క భూషణం రైతు వెంట వరిమడికి వెళ్లాడు. ఎండ ముదిరితేగాని రాడు.

"దిగు గవరమ్మా, నీది కెమెరా ముఖం," అన్నాడు పాపయ్య, ఫ్రేములోంచి చూస్తూ.

"నటన నాకేటి తెలుసు మేస్టారూ?"

"తెలియక్కర్లేదు. నాటకంలో గొంతు చించుకోవాలి గానీ, సినిమాకి కంట్లో చిన్న మెరుపు చాలు. చచ్చిన కోడి వేషమైతే అదీ అక్కర్లేదు. బాగా దగ్గర్నుంచి తీస్తాను. కట్ చెప్పేదాకా పిడుగు పడ్డా కదలకూడదు. అదొక్కటే నియమం."

గవరమ్మ కంచె అవతలికి చూసింది. పిల్లల కూతలు వింటూ గుండె దిటవు చేసుకుంది.

"చూస్తేగాని ఎక్కని బుర్ర నాది. ఒక్కసారి మీరే చేసి చూపించండి. పైనుంచి చూసి కట్ నేను చెబుతాను."

డైరెక్టర్‌లో ఎక్కడో ఒక మూల హీరో దాక్కునే ఉంటాడు. పాపయ్య ఫ్రేము పక్కనపెట్టి, వెల్లకిలా పడి చచ్చాడు.

"కట్! బాగుందండి. తోక కదిలింది."

మళ్లీ చచ్చాడు.

"కట్! తోక బంగారం. నోట్లో నీళ్లూరుతున్నాయండి. శవానికి ఆకలేటి?"

పాపయ్య మూతి తుడుచుకుని మూడోసారి చచ్చాడు. ఈసారి నిజంగానే బాగా చేశాడు, ఒప్పుకోవాలి. ఈలోగా ఎండ ముదిరింది. గట్టు మీద వస్తున్న భూషణం కొమ్మ మీది గవరమ్మకి కనిపించాడు. ఎండుటాకులు గలగలమన్నాయి. పాపయ్య చెవి చటుక్కున అటు తిరిగింది.

"కట్! అయ్యో మేస్టారూ, ఏడుపొచ్చేసింది నాకు. ఆ చెవొక్కటీ కదలకపోయుంటేనా!"

"ఏదో చప్పుడైంది గవరమ్మా."

"శవానికి చప్పుడేటండీ?"

పాపయ్య సిగ్గుపడి నాలుగోసారి పడుకున్నాడు. తోక కదల్లేదు. మూతి తడవలేదు. ఆకుల చప్పుడు దగ్గరకొచ్చి ఆగింది. ఎవరో వాసన చూస్తున్నట్టు ముక్కు ఎగబీల్చారు. అయినా చెవి రవ్వంత కదల్లేదు. అంత నిగ్రహం ఆ నాలుగు రోజుల్లో ఏ నటుడూ చూపించలేదు.

భూషణం కొమ్మకేసి తలెత్తాడు. "వదినా, ఈ పాపయ్య చచ్చాడేటి?"

"ఇంకా లేదు భూషణం. వేషమే."

భూషణం పాపయ్య తోక కరిచి పట్టుకున్నాడు. పాపయ్య అరుపు వరిమడి దాకా వినిపించింది. సగం తోక అక్కడే వదిలి కొండకేసి పరుగెత్తాడు. మళ్లీ ఆ తోట ఛాయలకి రాలేదు.

గవరమ్మ కొమ్మ దిగింది. "కట్," అని ఖాళీ ఫ్రేముకి చెప్పి, పిల్లల దగ్గరికి నడిచింది.

నీతి: మెప్పు కోసం చెవి బిగబట్టుకున్నవాడు అడుగుల చప్పుడు విన్నా లేవలేడు.