అసిరయ్య దిగే తాడు

కొండలు ఇంకా ఒకచోట కూర్చోవడం నేర్చుకోని రోజుల్లో, సముద్రం ఒడ్డున పీతలపాలెం అని ఒక ఊరు ఉండేది. ఊరంతా చుట్టిళ్ళే. గుండ్రటి మట్టిగోడ, దాని మీద మూసిన గొడుగులాంటి తాటాకు కప్పు, వంగితే గాని దూరలేని ఒకే ఒక్క గుమ్మం. చూరు ఎంత కిందికి దిగేదంటే, కోడిపుంజు కూడా తల వంచుకునే లోపలికి వెళ్ళేది! తుపానుకి భయపడి అలా కట్టుకున్నారు. తుపాను సంగతి సరే, మరి నిప్పు మాటో? గుమ్మం అంటుకుందంటే, లోపలివాళ్ళకి ఇక దారి కప్పులోంచే.

ఆ దారి తీసేవాడు అసిరయ్య. తాటాకు కప్పే కూలీ. చూస్తే చీపురుపుల్లలా ఉండేవాడు. కప్పెక్కితే మాత్రం, మనిషి కొనకి చేరాక గాని కింద నీడ బయల్దేరేది కాదు! పొగని గుటకలు గుటకలుగా మింగేసేవాడు. తర్వాత తీరిగ్గా దగ్గితే ఊరి మీద మబ్బు పట్టేది.

ఊరికి ఒక నిప్పుదండు ఉండేది. కొందరు కుండలతో నీళ్ళు అందించేవారు. కొందరు మంట పక్కింటికి పాకకుండా, కొక్కేలున్న పొడుగాటి దోటీలతో చూరు లాగేసేవారు. ఎక్కేవాడు మాత్రం అసిరయ్య ఒక్కడే. భుజాన తడి గోనె, నడుముకి కత్తి, తాడు. కొన దగ్గర తాటాకు చీల్చి, తాడు వదిలి, లోపలివాళ్ళని పైకి లాగి, గోనె మీద కూర్చోబెట్టి చూరు మీదుగా జారవిడిచేవాడు.

ఎక్కడ పొగ లేచినా ఊరంతా ఒకటే కేక.

“అసిరయ్యా, ఎక్కు!”

అతని పెళ్ళాం పైడమ్మకి ఒకటే కోరిక. ఎండాకాలం ఒక్క మధ్యాహ్నమైనా మొగుడు తన పక్కన కూర్చుని, కంచం ఖాళీ చేసి లేవాలని.

మొదటి ఏడు చేపల కూర వడ్డించింది. “ఉప్పు సరిపోనాదా మావా?” అని అడిగిందో లేదో, కేక. “అసిరయ్యా, ఎక్కు!” ఆ రోజు ముసలి అప్పలనరసమ్మని దింపాడు. ఆవిడ జారుతూ జారుతూ, “నెమ్మదిరా సచ్చినోడా, నా కోక!” అని తిట్టింది.

రెండో ఏడు కంచం పెట్టిందో లేదో, కేక. “అసిరయ్యా, ఎక్కు!” ఆ మంటకి పక్క ఊళ్ళో కోళ్ళ కింద గుడ్లు ఉడికిపోయాయి! అంత మంటలోంచి బాలింతనీ బిడ్డనీ దింపితే, బిడ్డకి నిద్రన్నా చెడలేదు.

ఇంటికొచ్చాక పైడమ్మ ముఖం తిప్పుకుంది.

“ఊరందరికీ ఉన్నావు. నాకే లేవు.”

“ఓలే పైడీ, నాను ఎక్కకపోతే ఎవులెక్కుతారే?”

“ఎక్కమనడానికి ఊరంతా నోళ్ళే. ఎలా దిగుతావని ఒక్క నోరైనా అడిగిందేటి?”

అసిరయ్య పగలబడి నవ్వాడు. “ఎక్కినోడికి దిగడం రాదేటే?”

మూడో ఏడు పెత్తందారు ఇల్లు అంటుకుంది. ఆ ఇల్లు మామూలుదా? దాని కొన తగులుతుందని చందమామ పక్కకి తొలగి పోయేవాడు! మూడు పక్కలా మంట. మిగిలింది సముద్రం వైపు చూరు ఒక్కటే.

“అసిరయ్యా, ఎక్కు!”

ఎక్కాడు. కప్పు చీల్చాడు. పెత్తందారు తల్లి జారి వచ్చింది. కోడలు జారి వచ్చింది. దాసీది జారి వచ్చింది. ఆమె పైకి రాగానే లోపలికి వదిలిన తాడు అంటుకుని తెగిపోయింది. అంతలో గాలి తిరిగింది. నిప్పురవ్వలు పక్క వరస ఇళ్ళ మీదికి లేచాయి.

“చూరు లాగండ్రో!” అని ఎవరో అరిచారు.

ఆ కేక వింటే దండులో ఎవరూ తల పైకెత్తరు. లాగడమే. చేతులకి అలా అలవాటైపోయింది. పైన పొగ కమ్మింది, కొన కనబడలేదు. దాసీది వెనకే అసిరయ్య కూడా దిగే ఉంటాడనుకున్నారు. అందరూ దోటీలు వేశారు. వాళ్ళతో పాటు, నీళ్ళ కుండలు అందిస్తున్న పైడమ్మ కూడా ఒక దోటీ పట్టి లాగింది.

చూరు ఊడి కింద పడింది. అప్పుడు పొగలోంచి ఒక గొంతు వినబడింది.

“పైడీ, చూరేదే?”

“మావా!” అంది పైడమ్మ. “దూకు” అందామంటే తాడిచెట్టంత ఎత్తు. “ఆగు” అందామంటే కింద మంట. కప్పు లోపలికి కూలిపోయింది.

పైడమ్మ మూడు రోజులు ఆ బూడిద ముందే కూర్చుంది. తర్వాత లేచి కొబ్బరిపీచు తెచ్చి తాడు పేనింది. అరిచేతులు ఒలిచిపోయినా ఆపలేదు. ఆ తాడుని కప్పు కొనకి ముడివేసి, ఒక పక్క కాలినా రెండో పక్క మిగిలేలా, రెండు వైపులా నేల దాకా వదిలింది. మొదట తన ఇంటికి కట్టింది. తర్వాత పక్కింటికి. తర్వాత ఊరందరికీ. కట్టిన ప్రతిసారీ తాడు పట్టుకుని పైకి చూసి పిలిచేది.

“మావా, దారుంది. దిగు.”

పిలిచి నిలబడేది. చాలాసేపు నిలబడేది. ముసలిదై నడుం వంగిపోయినా, మెడ మాత్రం పైకే ఉండేది.

ఆ తీరంలో ఇప్పటికీ, పైనున్నవాడు పలికేదాకా చూరు మీద దోటీ వెయ్యరు. కొత్త కప్పు వేస్తే ముందు తాడు కడతారు. ఇంటి పెద్దావిడ ఆ తాడు పట్టుకుని, “అసిరయ్యా, దారుంది. దిగు” అని పిలుస్తుంది. గడప దగ్గర చేరినవాళ్ళంతా తాడు వంకే చూస్తారు. గాలికి తాడు కాస్త ఊగిందంటే చాలు, “వస్తున్నాడు, తప్పుకోండి” అని ఒకరినొకరు వెనక్కి జరుపుకుని, తాడు కింద ఒక మనిషికి సరిపడా చోటు వదులుతారు.