దడి దగ్గర కేక

వకుళమ్మగారికి కోపం వస్తే గొంతు పెరగదు, చేతిలో పని ఆగిపోతుంది. చింతపండు పిక్కలు తీస్తూ ఉంటే వేళ్లు ఆ పండు మీదే నిలిచిపోతాయి. అందుకే ఆవిడ దగ్గర కొన్నాళ్లు మెలిగినవాళ్లెవరూ ఆవిడ ముఖం చూడరు, చేతులవైపు చూస్తారు. ఆ ఏడు తొలకరి పడ్డాక ఆ చేతులు చాలాసార్లు ఆగాయి. కారణం రెండు సైకిళ్లు.

ఆవిడ ఒకప్పుడు మన్యంలో నర్సుగా చేశారు. ఉద్యోగం అయిపోయాక కొండ కింద రెండు పెంకుటిళ్లలో ఒక ఆశ్రమం పెట్టుకున్నారు. ఆశ్రమమంటే అక్కడ హారతులూ లేవు, కాషాయాలూ లేవు. పొద్దున్నే కాసేపు ఆవిడ మంచీచెడ్డా చెబుతారు, ఆ మీదట శిష్యులు సంచులు తగిలించుకుని కొండ మీది గూడేలకు మందులు తీసుకెళతారు. ఎవరైనా మంత్రం ఉపదేశించమని వస్తే, "సంచీ ఇదిగో, కాళ్లకు చెప్పులు ఉన్నాయా?" అని అడిగేవారు. అలా వచ్చి నిలిచినవాళ్లలో విరూపాక్ష ఒకడు. పెద్ద చదువు చదివి, మంచి ఉద్యోగం వదులుకుని వచ్చిన కుర్రవాడు. హిమజ అని ఇంకొక పిల్ల, కింది ఊళ్లో బట్టలు కుట్టే ఆయన కూతురు. మాటకు మాట అప్పజెప్పనిదే ఊరుకోదు.

ఎవరో దాత, పాపం మంచి మనసుతోనే, కొండలెక్కే కరెంటు సైకిలు ఒకటి ఇప్పిస్తానన్నాడు. దుకాణంవాళ్లు రెండు రకాలు తెచ్చి వాకిట్లో దింపారు. కొన్నాళ్లు తొక్కి చూసి ఏది కావాలో చెప్పండి, రెండోది పట్టుకుపోతాం అన్నారు.

ఆశ్రమంలోనే ఉండే నాకు ఆ సైకిళ్లను చూస్తే భలే వింతగా ఉండేది. ఒకటి సన్నంగా, తేలిగ్గా ఉంది. హిమజ దాన్ని ఒంటిచేత్తో ఎత్తి అరుగు మీద పెట్టేసేది. దానిలో మోటారు చిన్నది. మనం తొక్కుతుంటే కాస్త సాయం పడుతుంది, అంతే. రెండోది బలమైనది. పెద్ద మోటారు, లావుపాటి బ్యాటరీ. తొక్కీ తొక్కకముందే వెనకనుంచి ఎవరో నెట్టినట్టు గుట్ట మీదికి లాక్కుపోతుంది. నడుస్తున్నంతసేపూ గుర్రమే. ఆగితే మాత్రం బురదలో పడుకున్న గేదెను లేపినట్టే, ఒక మనిషి వల్ల కాదు.

ఇక వాళ్లిద్దరికీ రోజూ గొడవే.

"నీది సైకిలా, ఎండిపోయిన మిడతా? రెండు సంచులు పెడితే గుట్ట సగంలో గుడ్లు తేలేస్తుంది," అనేవాడు విరూపాక్ష.

"నీకు సైకిలు చాలదులే. ఏనుగును అడుగు. మావటివాణ్ణి కూడా పంపించమను," అనేది హిమజ.

మొదట్లో వినడానికి సరదాగానే ఉండేది. తరువాత తరువాత మాటలు ముదిరాయి. ఒకరు వండితే ఒకరు తినరు. ఒకరు తుడిచిన వాకిట్లో ఒకరు కావాలని బురద కాళ్లతో నడుస్తారు. మందులు పంచడానికి వచ్చిన పిల్లలు మందుల సంగతి మరిచిపోయి ఇనుప ముక్కల గురించి పళ్లు కొరుక్కుంటుంటే నాకే ఒళ్లు మండేది.

ఒక ఉదయం దుకాణంవాళ్లు ఫోను చేసి, రేపు వస్తున్నాం అన్నారు. విరూపాక్ష తిన్నగా వకుళమ్మగారి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఆవిడ మందుల పెట్టె సర్దుతున్నారు.

"అమ్మగారూ, ఇవాళ తేల్చి చెప్పండి. తేలికదా, బలమైనదా? గురువన్నాక ఒక మాట చెప్పాలి. మీరు మాట్లాడకపోబట్టే ఇదంతా," అన్నాడు. గొంతులో వినయం తక్కువగానే ఉంది.

ఆవిడ చెయ్యి పెట్టెలో ఆగింది. మందు సీసా పైకీ రాలేదు, కిందికీ పోలేదు.

ఆవిడ ఏమనేవారో గానీ, అంతలో ఊటగెడ్డ నుంచి ఫోను వచ్చింది. ఊటగెడ్డ అంటే కొండ పైన చివరి గూడెం. అక్కడ పాంగి దాసు అనే అతనికి చిలక అని ఏడెనిమిదేళ్ల కూతురు. ఆ పిల్లకు ఆయాసం. ముసురు పట్టిందంటే ఊపిరి అందదు. పీల్చే మందు అయిపోయిందనీ, పిల్ల పడుకోలేకపోతోందనీ, ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకున్నాననీ దాసు చెప్పాడు. అతను మాట్లాడుతుండగానే వెనక పిల్ల ఊపిరి ఈలలా వినిపించిందట.

వకుళమ్మగారు మందు తీసి విరూపాక్ష భుజాన ఉన్న సంచిలో పెట్టారు. "నీ బండి ముందు చేరుతుంది. వెళ్లు. హిమజా, నువ్వూ వెనకే వెళ్లు," అన్నారు. అంతకుమించి ఒక్క మాట లేదు.

తరువాత జరిగింది హిమజ చెప్పగా విన్నాను, ఆ మీదట గూడెంవాళ్లు చెప్పగానూ విన్నాను. రెండూ ఒకటే.

ఊటగెడ్డలో ఒక కట్టుబాటు ఉంది. విత్తు పడ్డాక గూడెం చుట్టూ ముళ్లదడి కట్టేస్తారు. మేకా గొడ్డూ చేలో పడకుండా, పంట కోసేదాకా ఆ దడి ఎవరికోసమూ తెరవరు. మనుషులు మాత్రం ఒకచోట నాటిన మెట్ల కొయ్య మీద ఇటు ఎక్కి అటు దిగాలి. బరువుతో వచ్చినవాళ్లు అక్కడ నిలబడి కేక వేస్తారు. ఆ కేక చెవిన పడ్డవాళ్లు ఏ పనిలో ఉన్నా వదిలేసి వచ్చి చెయ్యి వేయాలి. దడి కట్టి దారి మూసింది మనమే కాబట్టి బరువు దాటించాల్సిందీ మనమే అని వాళ్ల లెక్క. కేక విని రానివాణ్ణి ఆ గూడెంలో మనిషిగా చూడరు.

విరూపాక్ష బండి నిజంగానే గుర్రంలా ఎక్కింది. ఎక్కడా ఆగకుండా దడిదాకా వచ్చాడు. దడికి అటువైపు నాలుగు అంగల్లో దాసు ఇల్లు. మందు భుజాన సంచిలో ఉంది. మెట్టెక్కి దిగితే చాలు.

కానీ అతను బండి వైపు చూశాడు. దుకాణంవాళ్ల బండి, కొత్తది. అడవిలో వదిలేసి పోతే ఎవరి చేతిలో పడుతుందో అనుకున్నాడు. తాళం కప్ప వేయకపోయినా భయపడని ఊళ్లు ఉంటాయి. అసలు తాళం కప్పే ఎరగని గూడెం అది. ఆ గూడెం ముందు నిలబడి అతను దొంగతనం గురించి ఆలోచించాడు. తానే ఎత్తబోయాడు. ముందు చక్రం మెట్టెక్కింది గానీ వెనక చక్రం నేల విడవలేదు. అప్పుడు కేక వేశాడు.

మగవాళ్లంతా చేల మీద ఉన్నారు. పిల్ల అవ్వ మంగులమ్మ ఊట దగ్గరికి నీళ్లకు వెళ్లింది. కేక విన్నది దాసు ఒక్కడే. పిల్లను గోడకు ఆనించి, వెనక దిండు పెట్టి, పరుగెత్తుకొచ్చాడు.

"మందు తెచ్చినారా బాబూ?"

"తెచ్చాను, తెచ్చాను. ముందు ఇది పట్టు," అన్నాడు విరూపాక్ష.

దాసు పట్టాడు. కట్టుబాటు కదా. అతను పైనుంచి లాగుతున్నాడు, ఇతను కిందినుంచి నెడుతున్నాడు. బండి మెట్ల కొయ్యకు అడ్డం పడి ఇరుక్కుంది. పెడలు ముళ్లకంపలో చిక్కుకుంది. దాసు చేతులు గీరుకుపోయాయి. ఇల్లు కనబడుతూనే ఉంది, కళ్లు అటే ఉన్నాయి, చేతులు మాత్రం బండి మీద ఉన్నాయి.

అప్పుడు చేరింది హిమజ. ఆ పిల్ల బండి ఆఖరి గుట్ట మీద చేతులెత్తేస్తే దిగి నెట్టుకుంటూ వచ్చింది. వగరుస్తోంది. ఇద్దరు మగవాళ్లు సైకిలుతో కుస్తీ పట్టడం చూసింది. విరూపాక్ష భుజాన సంచి ఇంకా అలాగే వేలాడుతుండటం చూసింది. తన బండిని తుప్పల్లోకి విసిరేసింది. విరూపాక్ష మెడలోంచి సంచిని చటుక్కున లాగేసుకుని, ఆ ఇరుక్కున్న బండి మీదే కాళ్లు వేసి ఎక్కి దడి దాటింది.

ఇంట్లో చిలక గోడకు ఆనుకుని లేదు. పక్కకు ఒరిగిపోయి ఉంది. పెదవులు నేరేడు పండు తిన్నట్టున్నాయి. నీళ్ల బిందె కింద పడేసి మంగులమ్మ మనవరాలిని అప్పుడే ఎత్తుకుంటోంది. హిమజ మందు పట్టించింది. ఒకసారి, మళ్లీ ఒకసారి. పిల్ల ఛాతీ లేచి పడటానికి పట్టిన ఆ కాసేపూ ఇంట్లో ఎవరూ గాలి పీల్చలేదు. ఆ తరువాత ఈల మొదలైంది. ఆ ఈల వినగానే, "అమ్మయ్య, వచ్చింది," అని ఏడ్చిందట హిమజ.

బయట బండి దాటింది. విరూపాక్ష దాన్ని నడిపించుకుంటూ వాకిట్లోకి వచ్చాడు. మంగులమ్మ గుమ్మంలోకి వచ్చి అతన్ని ఎగాదిగా చూసింది.

"ఏటి బాబూ, నీ బండికి ఊపిరాడతందా? పెదాలు నల్లబడనేదు గదా? మంచం ఎయ్యమన్నావా దానికి?"

దాసే అడ్డుపడ్డాడు. "ఊరుకోయే అమ్మా. మనకోసమే గదా వొచ్చినాడు."

తిరిగి వచ్చేసరికి సాయంత్రమైంది. హిమజ బండిని వాకిట్లో పడేసి మొత్తం చెప్పింది. చెబుతున్నంతసేపూ కోపంతో వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. వకుళమ్మగారు గిన్నెలో బియ్యం ఏరుతున్నారు. "ముందు ఇది పట్టు" అన్న మాట దగ్గర ఆవిడ చెయ్యి ఆగింది. మళ్లీ కదలలేదు.

విరూపాక్షకు కూడా కోపం ముంచుకొచ్చింది. తప్పు చేసినవాడి కోపం మరీ ఎత్తున ఉంటుంది.

"నన్ను హంతకుణ్ణి చేస్తోంది! నేనేం షికారుకు వెళ్లానా? నా బండి కాబట్టి అంత తొందరగా ఎక్కింది. ఈవిడగారి మిడత గుట్ట మధ్యలోనే చతికిలబడింది. దీన్నే నమ్ముకుంటే మందు ఇంకా ఆలస్యంగా చేరేది. అవునా కాదా, మీరే చెప్పండి అమ్మగారూ!"

"నిజమే," అన్నారావిడ.

"దడి దగ్గర రెండు నిమిషాలు. అంతే కదా! అదే తేలిక బండైతే నేనే ఎత్తి దాటించేవాణ్ణి. సరే, అదే తీసుకుందాం. తేలికదే మంచిదని చెప్పండి, ఒప్పుకుంటాను. ఏదో ఒకటి చెప్పండి!"

హిమజ గబుక్కున, "తేలికదైనా నువ్వు భుజాన పెట్టుకుని, దానికి ఎక్కడ గీత పడుతుందోనని చూసుకుంటూ నడిచేవాడివి," అంది.

వకుళమ్మగారు బియ్యం గిన్నె పక్కన పెట్టి లోపలికి వెళ్లిపోయారు. ఆ పూట ఎవరూ అన్నం తినలేదు. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేదనిపించింది నాకు. కొందరి తిట్టు ఒంటికి చల్లగా ఉంటుంది. ఆ మౌనం మాత్రం పొయ్యి పక్కన కూర్చున్నట్టుంది.

తెల్లవారి దుకాణంవాళ్ల వ్యాను ఇంకా రాలేదు. వాకిట్లో దాసు కనిపించాడు. ఒక చంకన చిలక ఉంది, మెడ చుట్టూ గుడ్డ కట్టుకుని, నీరసంగా, కానీ కళ్లు నాలుగు దిక్కులూ తిప్పుతూ. రెండో భుజం మీద పొడవాటి వెదురు కర్ర. పచ్చిగా ఉంది, కణుపులు చెక్కి నున్నగా చేశాడు. రెండు చివర్లా తాడు జారకుండా గాట్లు పెట్టాడు. చేతుల మీద ముళ్ల గీతలు ఎర్రగా ఉన్నాయి. వాటితోనే చెక్కి ఉంటాడు.

కొండ మీద రోగుల్ని కిందికి దింపేటప్పుడు దుప్పటి వేలాడగట్టి ఇద్దరు భుజాన మోసే డోలీ కర్ర అలాంటిదే. వకుళమ్మగారు ముందుకు వచ్చి పిల్ల ఛాతీ మీద చెవి ఆనించి విన్నారు. తరువాత కర్రను చూసి, "ఇదెందుకు దాసూ?" అని అడిగారు.

దాసు సిగ్గుపడ్డట్టు నవ్వాడు. విరూపాక్ష వైపు తిరిగాడు.

"నిన్న మీరు శానా ఇబ్బంది పడిపోనారు బాబూ. మావోళ్లు ఎవులూ లేకపోనారు, నానొక్కణ్ణే, సరిగ్గా పట్టనేకపోనాను. మనుసులికి డోలీ కర్ర మా గూడెంలో ఉంది గాని, అది మనుసులికే ఉండాల గదా. అందుకని ఇది మీ బండికని ఏరేగా కొట్టినాను. దడి కాడే పెడతాం. ఇంక మీరెప్పుడొచ్చి కేకేసినా ఇద్దరం ఈ కొసా ఆ కొసా పట్టి సులువుగా దాటించీగలం." కాస్త ఆగి, "మీకు నచ్చిందో నేదో చూపిద్దామని పట్టుకొచ్చినాను," అన్నాడు.

అతని మాటలో ఎత్తిపొడుపు లేదు. నేను వెతికాను. ఎక్కడా లేదు. ఎత్తిపొడుపు ఉన్నా విరూపాక్ష తట్టుకునేవాడేమో. హిమజ ముఖం పక్కకు తిప్పుకుంది. ఆ పిల్ల కోపం కూడా ఎక్కడ దిగాలో తెలియక అలా నిలబడిపోయింది.

రోడ్డు మీద వ్యాను హారను మోగింది. దుకాణం మనిషి కిందికి దిగి, "ఏం నిర్ణయించారు సార్? తేలికదా, బలమైనదా? ఏది ఎక్కించమంటారు?" అని వాకిట్లోంచే అరిచాడు. విరూపాక్ష వకుళమ్మగారి చేతుల వైపు చూశాడు.

ఆవిడ చేతులు ఆగిలేవు. దాసు భుజం మీది కర్రను మెల్లగా దించుకుని, రెండు చేతులా విరూపాక్ష ముందుకు చాపారు.

"అడిగావుగా, చెబుతాను," అన్నారు. "ముందు ఇది పట్టు."